ఆనందం ఎందుకు నిలవదు?

ప్రశ్న: కోరుకున్న హోదా వచ్చింది, సొంతిల్లూ అమరింది. కొన్నాళ్లకే మనసు మళ్లీ చప్పబడిపోయింది. చిన్నచిన్న వాటిలో ఆనందం వెతుక్కోమంటారు. ఎలా?
- ఒక పాఠకురాలు

జవాబు: మీలో లోపమేమీ లేదమ్మా. ఎంత పెద్ద సంతోషానికైనా మనసు అలవాటు పడిపోతుంది. 1978లో మనస్తత్వ శాస్త్రవేత్త ఫిలిప్ బ్రిక్‌మన్ బృందం అమెరికాలో లాటరీ గెలిచిన 22 మందిని పలకరించింది. వాళ్లు ఇతరులకంటే పెద్దగా సంతోషంగా లేరు. పైగా స్నేహితులతో కబుర్లు, పత్రిక చదవడం లాంటి మామూలు వాటిలో వాళ్లకు దక్కే ఆనందం ఇతరులకన్నా తక్కువ. చిన్న అధ్యయనమే. కానీ ఈ రెండో మాటే నన్ను కదిలించింది.

అందుకే, వెతకొద్దు. ఉన్నదాని దగ్గర కాస్త ఆగండి. నాకు ఆరిన దుప్పటి మడత పెట్టడమంటే ప్రాణం. ఎండ వాసన ఇంకా పోయి ఉండదు. అంచులు కలిపి విదిలిస్తే మొహానికి గాలి తగులుతుంది. ఆ కాసేపూ ఫోను పక్క గదిలోనే. మీకు అలాంటిది ఇంకేదో ఉంటుంది. అది జరుగుతున్నప్పుడు మరో పని కలపకండి, తర్వాత ఇంట్లో ఎవరితోనైనా చెప్పుకోండి. చెప్పుకుంటే రెండోసారి అనుభవించినట్టే.

రెండు వారాలు దాటినా దేనిమీదా ఆసక్తి లేక, నిద్ర, ఆకలి కూడా తగ్గితే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్ని కలవండి.