ముందు ఫ్లాస్క్‌లో ఉన్నదేంటో తేల్చుకో

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి బుజ్జికి, పెద్దమ్మ దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

మొన్న వచ్చినప్పుడు "పీహెచ్‌డీకి ఏ జీన్ తీసుకుంటే రీసెర్చ్ పేపర్లు త్వరగా వస్తాయి పెద్దమ్మా?" అని అడిగావు. ఇంటినిండా చుట్టాలున్నారని అప్పుడు ఊరుకున్నాను. జీన్ సంగతి తర్వాత చూద్దువుగాని. ల్యాబ్‌లో నీ చేతికిచ్చే కణాలు నిజంగా అవేనా కాదా, ముందు అది తేల్చుకో.

నా పీహెచ్‌డీ రెండో ఏడు. రొమ్ము క్యాన్సర్ కణాలని వేరే ల్యాబ్ నుంచి తెప్పించుకున్నాం. థర్మాకోల్ డబ్బాలో డ్రై ఐస్ మధ్య బొటనవేలంత వయల్ (చిన్న సీసా), దానిమీద మార్కర్‌తో రాసిన పేరు. ఆ పేరు నమ్మి పద్నాలుగు నెలలు పనిచేశాను. సంక్రాంతికి కూడా ఇంటికి రాకుండా మీడియం, అంటే కణాలు పెరిగే పోషక ద్రవం, మార్చాను. అవి తెగ పెరుగుతుంటే నా హస్తవాసి మంచిదనుకున్నాను. ఒకరోజు సీనియర్ ఒకామె మైక్రోస్కోప్‌లో చూసి, "ఇవి రొమ్ము కణాల్లా లేవే" అంది. క్రోమోజోములు పరీక్ష చేయిస్తే హీలా అని తేలింది. 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే ఆవిడ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి, ఆమెను అడగకుండానే తీసిన కణాలవి. వేరే కణాలు పెంచుతున్న పక్క ఫ్లాస్క్‌లో ఒక్క చుక్క పడితే చాలు, కొన్ని వారాల్లో అసలువాటిని మింగేసి అవే నిండిపోతాయి.

ఆ సాయంత్రం మా గైడ్ గారు నన్ను పల్లెత్తు మాట అనలేదు. కూర్చోమని, ఆ కణాలు మా దగ్గర్నుంచి ఎవరెవరికి వెళ్లాయో జాబితా రాయించి, మర్నాడే అందరికీ ఉత్తరాలు వేయించారు. నువ్వు గైడ్‌ని ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఇదే. క్యాంటీన్‌లో సీనియర్లను పక్కకు పిలిచి అడుగు: సార్ అనుకున్నదానికి ఎదురు రిజల్ట్ వస్తే ఏమంటారు? చెప్పేముందు వాళ్లు అటూ ఇటూ చూశారంటే ఆ ల్యాబ్ వద్దు.

ఇది నా ఒక్కదాని కథే అయితే ఇంత రాయను. పీ53 అనే జీన్ సంగతి చూడు. 1979లో దాన్ని కనుక్కున్నారు. పదేళ్లపాటు అది క్యాన్సర్‌ని పెంచే జీన్ అనే అనుకున్నారు. ప్రయోగాలు సరిగానే చేశారు, ఎవరూ అబద్ధం చెప్పలేదు. వాళ్ల చేతిలో ఉన్న క్లోన్లలో, అంటే ఆ జీన్ నకళ్లలో, మ్యుటేషన్ (మార్పు) ఉంది, అంతే. అసలు జీన్ క్యాన్సర్‌ని అడ్డుకునేదని 1989లో తేలింది. అప్పటికి నేను థీసిస్ రాస్తున్నాను. ఆ జర్నల్ మా లైబ్రరీకి నెలలు ఆలస్యంగా వచ్చింది, నిలబడే చదివేశాను. మనుషులకొచ్చే క్యాన్సర్లలో దాదాపు సగంలో చెడిపోయి ఉండే జీన్ అది.

నేను పీ53నే పట్టుకుని ఉండిపోవడానికి ఇంకో కారణం మీ తాతయ్య. పొగాకు ఆరబెట్టే బ్యారన్ల మధ్య పెరిగిన మనిషి, చేతిలో చుట్ట లేకుండా నేను చూడలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయారు. పొగలో ఉండే బెంజోపైరీన్ అనే రసాయనం పీ53లో సరిగ్గా ఏయే చోట్ల అతుక్కుంటుందో 1996లో చూపించారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో మ్యుటేషన్లు ఎక్కువగా కనిపించే చోట్లే అవి. ఆ పేపర్ చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

త్వరగా పేపర్లు అన్నావు కదా, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫోలిక్ యాసిడ్ మీద పనిచేస్తున్నప్పుడు అది విటమిన్ పనే. దాన్ని అడ్డుకునే అమినాప్టెరిన్ అనే మందు ఆ పనిలోంచే వచ్చింది. 1948లో దానితోనే లుకేమియా పిల్లలు కొన్నాళ్లైనా తేరుకున్నారు. అదే ఏడు ఆయన పోయారు. ఏ పని ఎటు దారితీస్తుందో ముందే తెలియదు, తొందరపడకు.

ఇక పని దగ్గరికి వస్తే, కణాలు చేతికి రాగానే ఎస్‌టీఆర్ పరీక్షకు పంపు, అవి ఎవరి కణాలో డీఎన్ఏని బట్టి చెబుతుంది. మా రోజుల్లో ఇది లేదు. మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా చేరిందేమో పీసీఆర్ (డీఎన్ఏ పరీక్ష) చేసి చూడు. దానికి కణగోడ ఉండదు కాబట్టి పెన్సిలిన్‌కి చావదు, మీడియం కూడా మసకబారదు, కంటికి దొరకదు. రెండూ సరిగ్గా ఉంటే వెంటనే పది వయల్స్ లిక్విడ్ నైట్రోజన్‌లో దాచి, తర్వాతే ప్రయోగం మొదలుపెట్టు. రోజూ పొద్దున్నే ఫ్లాస్క్‌ని కిటికీ వెలుతురుకి పట్టి చూడు. మీడియం ఎర్రగా ఉంటే సరే. పసుపులోకి తిరిగితే కణాలు నిండాయి, ఆకలిగా ఉన్నాయి. పసుపుతోపాటు మజ్జిగ తేటలా మసకగా ఉంటే బ్యాక్టీరియా చేరినట్టే. జాలిపడకుండా పారేయి. ఈ చూపు ఇంకొకరికి అప్పజెప్పకు.

ఫెలోషిప్ డబ్బు ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యమవుతుంది. అప్పుడు అమ్మకి చెప్పి టెన్షన్ పెట్టకు, నాకు ఫోన్ చెయ్యి.

బయల్దేరేముందు ఒకసారి ఇంటికి రా. ఆ పద్నాలుగు నెలల నోట్‌బుక్ బీరువాలోంచి తీసి పెట్టాను. ఒక్క పేజీ కూడా చింపలేదు. హీలా అని తెలిసిన రోజు తేదీ కింద మా గైడ్ గారు పెట్టిన సంతకం కూడా ఉంది. తీసుకెళ్లు.

మీ పెద్దమ్మ