గుమ్మం ముందు చెప్పుల స్టాండు

పోయిన నెల ఇక్కడ కాలిఫోర్నియాలో మా ఊళ్లో ఫైర్ స్టేషన్ వాళ్లు ఇంటింటికీ తిరిగి, అడవి మంటలకి జాగ్రత్తగా పెరట్లో ఎండుగడ్డి కోయించుకోమని నోటీసులు ఇచ్చిన సంగతి ఈ శీర్షికలో నాలుగు ముక్కలు రాశానంతే, ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. దాదాపు అన్నీ కాలిఫోర్నియా నుంచే, ఒకటి మాత్రం కాకినాడ నుంచి. ముందే చెప్పేస్తున్నా, నేను ఫైర్ డిపార్ట్‌మెంట్ ఉద్యోగినిని కాను. వాళ్లు మామూలు జనానికి నేర్పే ‘సెర్ట్’ శిక్షణ తీసుకున్న వాలంటీర్‌ని. 1985లో లాస్ ఏంజెలెస్ అగ్నిమాపక శాఖ మొదలుపెట్టింది దాన్ని. పెద్ద విపత్తు వస్తే మొదటి గంటల్లో ఫైరింజన్ మీ వీధికి రాలేకపోవచ్చు, అప్పటిదాకా ఇరుగుపొరుగే దిక్కు అన్న లెక్క. ఓ ఇరవై గంటల క్లాసు. మీ ఊళ్లోనూ ఉండే ఉంటుంది, కనుక్కోండి.

*ప్రశ్న: కొండ అంచు నుంచి మూడు వీధులు ఇవతల ఉంది మా ఇల్లు. చుట్టూ ఇళ్లే, చెట్లు కూడా పెద్దగా లేవు. అయినా ఫైర్ వాళ్లు వచ్చి చూసి గుమ్మం ముందున్న చెప్పుల స్టాండు, కాళ్లు తుడుచుకునే కొబ్బరి పీచు పట్టా, గోడకి ఆనించిన కట్టెలు తీసేయమన్నారు. అడవి మంట మా చెప్పుల దాకా వస్తుందా అని మా వారు ఒకటే నవ్వు. – ఒక పాఠకురాలు, శాన్ రామోన్*

మీ వారిని నవ్వనివ్వండి కానీ స్టాండు మాత్రం లోపల పెట్టించండి. అడవి మంట అనగానే తాటిచెట్టంత మంట వీధి వెంట నడిచొస్తున్నట్టు ఊహించుకుంటాం కదా, ఇళ్లు ఎక్కువగా అంటుకునేది అలా కాదు. గాలికి ఎగిరొచ్చే నిప్పురవ్వల వల్ల. మైలు దూరం నుంచి కూడా వస్తాయవి, వచ్చి ఎండిపోయి మెత్తగా ఏది దొరికితే అందులో దూరి కూర్చుంటాయి. 1991 అక్టోబరులో ఓక్లాండ్ కొండల మీద ఇదే జరిగింది. ముందురోజు ఒక గడ్డి మంటను ఆర్పేశారు, ఆరిపోయిందనే అనుకున్నారు, మర్నాడు పొద్దున ఎండుగాలి లేచేసరికి అడుగున దాక్కున్న కణికలు మళ్లీ రాజుకున్నాయి, అక్కడి నుంచి రవ్వలు ఎనిమిది లేన్ల ఫ్రీవే దాటి అవతలి ఇళ్ల మీద పడ్డాయి. 25 మంది చనిపోయారు. 2018 నవంబరు 8న మొదలైన మంటల్లో పారడైజ్ అనే ఊళ్లోనూ చుట్టుపక్కలా కలిపి 85 మంది. ఆ ఊరి ఫొటోలు చూడండి ఒకసారి, ఇల్లు బూడిద కుప్ప, పక్కనే పైన్ చెట్టు పచ్చగా నిలబడి ఉంటుంది. మంట చెట్ల మీదుగా వచ్చి ఉంటే ఆ చెట్టు మిగిలేది కాదు కదా.

అందుకే ఫైర్ వాళ్లు కొండను వదిలేసి మీ గుమ్మం దగ్గర అంతసేపు నిలబడ్డారు. గోడ నుంచి అయిదడుగుల దాకా ఉండే జాగాని వాళ్లు జోన్ జీరో అంటారు, 2020లో చట్టంలోకి తెచ్చారు. ఆ అయిదడుగుల్లో మండే వస్తువేదీ ఉండకూడదన్నది దాని సారాంశం. దాని తర్వాత 30 అడుగుల దాకా ఒక జోన్, 100 అడుగుల దాకా ఇంకొకటి, చివరి దాంట్లో గడ్డి నాలుగంగుళాలు మించకూడదు. గడ్డి కోయడం కూడా పొద్దున పది లోపే, గాలి లేని రోజునే. మోవర్ బ్లేడు రాయికి తగిలి పుట్టిన రవ్వతో మంటలు మొదలైన సందర్భాలున్నాయి. (ఇక్కడి పార్కుల వాళ్లు కొండల మీద గడ్డి తీయించడానికి మేకల మందల్ని తోలుతారు. మొదటిసారి చూసినప్పుడు అనంతపురం పక్క ఏదో ఊరికి పొరపాటున వచ్చేశానా అనిపించింది.)

ఇప్పుడు మన తెలుగు ఇంటి గుమ్మం ఎలా ఉంటుందో చెప్పండి. ఉగాదికి కట్టిన మామిడాకుల తోరణం దసరాకి కూడా వేలాడుతూనే ఉంటుంది, గలగలమంటూ. కింద పదిమంది చెప్పులు, సగం రబ్బరువి. పక్కన ఆన్‌లైన్‌లో తెప్పించిన సామాన్ల అట్టపెట్టెలు, రీసైకిల్ బండి వచ్చేదాకా అక్కడే. వెనకవైపు ఉయ్యాల మీద దూది దిండ్లు. మా ఇల్లూ ఇలాగే ఉండేది, నీతులు చెప్పడానికి నాకేం హక్కు లేదు. తోరణం పండగైన మూడోరోజే తీసేయండి. అట్టపెట్టెలు గరాజ్‌లోకి. కట్టెలు 30 అడుగుల అవతలికి. చూరు చివర వాననీళ్లు పోయే గట్టర్లలో ఎండుటాకులు తీయించండి. అటకకి గాలాడే వెంట్లకి సన్నటి లోహపు మెష్ ఉందో లేదో చూడండి, కన్నాలు అంగుళంలో ఎనిమిదో వంతు దాటకూడదు, లేకపోతే రవ్వలు లోపలికి దూరి ఇల్లు అటక నుంచి అంటుకుంటుంది, బయట నిలబడి చూసేవాళ్లకి చాలాసేపు తెలియదు కూడా. చెక్క ఫెన్స్ నేరుగా ఇంటి గోడకి తగులుతుంటే ఆ చివరి ముక్క తీసేసి లోహపు గేటు పెట్టించమంటారు. అది ఖర్చుతో కూడిన పని, తర్వాత చూసుకోవచ్చు. చెప్పుల స్టాండుకి ఖర్చేముంది?

*ప్రశ్న: అమ్మా, నేనూ మా ఆవిడా ఆర్నెల్లకని అబ్బాయి దగ్గరికి వచ్చాం. పగలు వాళ్లిద్దరూ ఆఫీసుకి పోతారు. మొన్న ఫోన్లు రెండూ ఒక్కసారిగా భయంకరంగా మోగాయి, ఏదో ఇంగ్లీషులో వచ్చింది, చదివేలోపు పోయింది. టెన్షన్ పడి అబ్బాయికి చేస్తే మీటింగులో ఉన్నాడు. అలాంటప్పుడు మేమేం చెయ్యాలి? – ఒక పెద్దాయన, ఫోల్సమ్*

బాబాయి గారూ, ఈ ఉత్తరం మీ అబ్బాయికి కూడా చదివి వినిపించండి, సగం పని అతనిదే.

ఆ మెసేజిల్లో రెండు మాటలు గుర్తుపట్టగలిగితే చాలు. ‘ఎవాక్యుయేషన్ వార్నింగ్’ అంటే ప్రమాదం రావచ్చు, సిద్ధంగా ఉండండి అని. ‘ఎవాక్యుయేషన్ ఆర్డర్’ అంటే ఇక ఉండటానికి వీల్లేదు, ఇప్పుడే బయల్దేరమని. అయితే వార్నింగ్ దశలోనే పెద్దవాళ్లు, చిన్నపిల్లలున్నవాళ్లు, కారు లేనివాళ్లు కదిలిపోవాలని ఫైర్ వాళ్లు మరీ మరీ చెప్తారు. మీరిద్దరూ ఆ లెక్కలోకే వస్తారు. ఆర్డర్ వచ్చేదాకా ఆగితే అప్పటికి ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది. పారడైజ్‌లో కొందరు కార్లలో చిక్కుకునే చనిపోయారు.

మీ అబ్బాయి చెయ్యాల్సింది: పగలు ఇంట్లో ఉండే పొరుగువాళ్లెవరితోనైనా మాట్లాడి, అవసరమైతే మా అమ్మానాన్నల్ని కూడా కార్లో ఎక్కించుకోండి అని ముందే అడిగి పెట్టడం. మొహమాటపడనక్కర్లేదు, ఇక్కడివాళ్లు దీన్ని మామూలుగానే తీసుకుంటారు. ఖాళీ చేయించే ప్రాంతాలకి చాలా కౌంటీల్లో నంబర్లుంటాయి, మీ ఇల్లున్న ప్రాంతం నంబరు పెద్దక్షరాలతో ఫ్రిజ్ మీద రాసిపెట్టమనండి. గరాజ్ తలుపు కరెంటు లేకుండా ఎత్తడం మీ చేత ఒకసారి చేయించమనండి, ఎర్రతాడు లాగి పైకెత్తాలి. 2017 మంటల్లో కరెంటు పోయి గరాజ్ తలుపు తెరుచుకోక కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు, అందుకే 2019 జులై నుంచి అమ్మే ఓపెనర్లకి బ్యాటరీ తప్పనిసరి చేశారు, కానీ పాత ఇళ్లలో పాతవే ఉన్నాయి.

మీరు చెయ్యాల్సింది: ఒక సంచిలో పాస్‌పోర్టులు, నెలకి సరిపడా మందులు, చీటీలు, కళ్లజోడు, ఫోన్ ఛార్జరు, అబ్బాయి కోడలి నంబర్లు కాగితం మీద. బయల్దేరేటప్పుడు పిన్నిగారు పాలిస్టర్ చీర కాకుండా నూలుది కట్టుకోవాలి, కాళ్లకి బూట్లు. కిటికీలు మూసి, లైట్లు వెలిగించే ఉంచండి, పొగలో ఫైర్ వాళ్లకి ఇల్లు కనపడుతుంది. పంపులు తిప్పి వదిలేసి రాకండి, అందరూ అలా చేస్తే ఫైర్ పైపులకి నీళ్ల ఒత్తిడి చాలదు. 911కి ఫోన్ చేయాల్సి వస్తే భయపడకుండా ‘తెలుగు’ అనే ఒక్క మాట రెండుసార్లు చెప్పండి, దుబాసీని లైన్లోకి తెస్తారు. కాస్త టైము పడుతుంది, ఫోన్ పెట్టేయకండి.

*ప్రశ్న: ఇల్లు కొని నాలుగేళ్లయింది. ఇన్సూరెన్స్ కంపెనీ ఇక రెన్యూ చెయ్యమని ఉత్తరం పంపింది. చెట్లు కొట్టించాం, అన్నీ చేశాం. ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లు సర్టిఫికెట్ ఇస్తే కంపెనీ వింటుందా? – ఎల్ డొరాడో హిల్స్*

వినాలని రూలు లేదు. ఆ మాట ఎవరూ సూటిగా చెప్పరు గనక నేను చెప్తున్నా. ఇంటిని మంటల నుంచి కాపాడుకునే పనులు చేసినవాళ్లకి ప్రీమియం తగ్గించాలని 2022లో రాష్ట్రం నిబంధన పెట్టింది కానీ, అది పాలసీ ఉన్నవాళ్లకి తగ్గింపు, పాలసీ ఇచ్చి తీరాలని కాదు. అయినా తనిఖీ చేయించుకుని కాగితం తీసుకోండి, కొత్త కంపెనీ దగ్గర పనికొస్తుంది, ఇల్లు అమ్మేటప్పుడూ కావాలి, మంటల ముప్పు ఎక్కువున్న ప్రాంతాల్లో 2021 నుంచి అమ్మకానికి అది అడుగుతున్నారు. గడువు ముగియడానికి 75 రోజుల ముందు కంపెనీ చెప్పాలి, మీకు వచ్చిన ఉత్తరం తారీఖు చూసుకోండి. ఎవరూ ఇవ్వకపోతే చివరికి ఫెయిర్ ప్లాన్ అనే పాలసీ ఉంది, కానీ అది ముఖ్యంగా అగ్ని నష్టానికే, దొంగతనం లాంటి వాటికి వేరే పాలసీ జోడించుకోవాలి.

*ప్రశ్న: మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఉంది, ఏడో నెల. మంటలు ఊరికి దూరంగానే ఉన్నాయి గానీ ఇల్లంతా పొగ వాసనంటోంది. పొగ పోవడానికి సాంబ్రాణి వెయ్యమన్నాను. వద్దంటోంది. – ఒక తల్లి, కాకినాడ*

అమ్మాయి మాటే వినండి. 2020 సెప్టెంబరు 9న మాకు బే ఏరియాలో, అంటే శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల, పగలే ఆకాశం నారింజ రంగులోకి తిరిగింది, ఆ రోజు నేనూ అగరొత్తులు వెలిగించినదాన్నే. పొగ మీద పొగ అది. వాసన మారుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోయే నుసి పెరుగుతుంది. అలాంటి రోజుల్లో వేపుళ్లు, పోపులు కూడా మానెయ్యమంటారు. పప్పు కుక్కర్లో పెట్టుకుని పెరుగన్నం తింటే సరి. కిటికీలు మూసి, ఏసీ బయటి గాలి లాక్కోకుండా పెట్టుకుని, పడగ్గదిలో సన్నటి నుసిని పట్టే హెపా ఫిల్టరున్న ప్యూరిఫయర్ నడుపుకోమనండి. బయటికెళ్తే ఎన్-95 మాస్కే, గుడ్డది పనికిరాదు. ఏడో నెల కాబట్టి డాక్టరుకి ఫోన్ చేసి చెప్పమనండి, వాళ్లే పొగ లేని ఊళ్లో నాలుగు రోజులుండమంటే మొండికెయ్యకుండా వెళ్లమనండి.

*ప్రశ్న: దీపావళికి టపాకాయలు, సంక్రాంతికి భోగి మంట. రెండూ పెరట్లోనే చేసుకుంటాం, పైపు పక్కనే పెట్టుకుంటాం. తప్పా? – అర్వైన్*

దీపావళి వచ్చేది సరిగ్గా ఎండుగాలుల కాలంలో, మీ దగ్గర శాంటా ఆనా, మా దగ్గర డయాబ్లో. మంటలు తేలిగ్గా రేగే వాతావరణమని హెచ్చరించే రెడ్ ఫ్లాగ్ వార్నింగులు ఎక్కువగా అప్పుడే. ఇక్కడ ఎగిరేవీ పేలేవీ రాష్ట్రమంతటా నిషేధం, మిగతావి కూడా జూన్ 28 నుంచి జులై 6 దాకానే అమ్మాలి, చాలా ఊళ్లలో కాకరపువ్వొత్తి కూడా నేరమే. పక్క రాష్ట్రం నెవాడా నుంచి కారు డిక్కీలో తెచ్చుకునే వాళ్ల గురించి నాకు తెలుసు, పేర్లు రాయను. ప్రమిదలు పెట్టుకోండి, గచ్చు మీద, గుమ్మానికి దూరంగా.

ఇక భోగి. 2025లో భోగి జనవరి 13న వచ్చింది. అంతకు ఆరు రోజుల ముందు లాస్ ఏంజెలెస్‌లో మొదలైన మంటలు ఆ రోజుకీ ఆరలేదు, 16 వేలకి పైగా కట్టడాలు పోయాయి. పెరట్లో పాత కుర్చీ తగలబెట్టడం ఏ రోజైనా కుదరదు, పొగ మీద గాలి కాలుష్యం చూసే ఎయిర్ డిస్ట్రిక్ట్ రూలు, నిప్పు మీద ఫైర్ డిపార్ట్‌మెంట్ రూలు. కొన్ని సంఘాలు ఫైర్ డిపార్ట్‌మెంట్‌ని ముందుగా అడిగి, అనుమతి తీసుకుని, పార్కింగ్ లాట్ లాంటి చోట చిన్నగా వేసుకుంటాయి. మీరూ డిసెంబరులోనే అడగండి, కాదంటే ఆ ఏడాదికి వదిలెయ్యండి. వేసుకుంటే మాత్రం పిడకల బూడిదని నీళ్లు పోసి కలిపి, మూతున్న ఇనప బకెట్‌లో ఇంటికి దూరంగా నాలుగు రోజులుంచి, చేత్తో తాకి చూశాకే చెత్తలో వెయ్యండి. ఓక్లాండ్‌లో అంటుకున్నది కూడా ముందురోజు ఆర్పేసిన మంటే.