అద్దె వస్తోంది సరే, తరుగుదల రాశారా?

అమెరికాలో కొన్న ఇంటిని అద్దెకిచ్చి, ఉద్యోగం కోసం వేరే ఊరు మారిన మనవాళ్లు చెప్పే లెక్క దాదాపు ఒకటే. "నెలకు 2,400 డాలర్లు వస్తోంది, మార్ట్‌గేజ్‌కి 2,300 పోతోంది. మిగిలిన వందకేగా పన్ను?" కాదండీ. వాయిదాలో అసలు భాగం ఖర్చు కాదు, మీ అప్పు మీరు తీర్చుకోవడం. అద్దె ఆదాయంలోంచి ఖర్చుగా తగ్గేది వడ్డీ ఒక్కటే. ఏడాది మొత్తం వడ్డీ ఎంతో బ్యాంకు పంపే ఫారం 1098లో ఉంటుంది, ఆ అంకె పన్ను రిటర్నులో అద్దె లెక్క రాసే షెడ్యూల్ ఈలో పడాలి. ఎస్క్రోలో, అంటే ఇంటి పన్నుకీ ఇన్సూరెన్సుకీ బ్యాంకు పక్కన దాచే ఖాతాలో, నెలనెలా కట్టేదాన్ని కూడా ఖర్చుగా వేసేస్తుంటారు, అదీ తప్పే. ఎస్క్రోలోంచి కౌంటీకి నిజంగా వెళ్లిన ప్రాపర్టీ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కంపెనీకి వెళ్లిన ప్రీమియం మాత్రమే ఖర్చు.

తేలికైనవి గబగబా చెప్పేస్తాను. హెచ్ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) రుసుము, ప్రాపర్టీ మేనేజర్ కమిషన్, అద్దె ప్రకటన, అద్దెదారు బ్యాక్‌గ్రౌండ్ చెక్, లాయరు ఫీజు, షెడ్యూల్ ఈ వరకు సీపీఏ (పన్ను లెక్కలు చూసే అకౌంటెంటు) తీసుకునే ఫీజు, మీరు కట్టే నీళ్లు, కరెంటు, గడ్డి కోయించిన కూలీ, అన్నీ తగ్గుతాయి. ఇంటి పనిమీద మీ కారులో వెళ్తే 2025కి మైలుకు 70 సెంట్లు, తేదీ, పని, మైళ్లు రాసిన చిట్టా ఉంటేనే. వారాంతమంతా మీరే నిచ్చెనెక్కి రంగు వేస్తే డబ్బాల ఖరీదు వస్తుంది, మీ కష్టానికి పైసా రాదు. ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉంటే రాని అద్దె నష్టం కాదు. కానీ అద్దెకు సిద్ధంగా పెట్టి మనిషి కోసం చూస్తున్నన్నాళ్లూ ఆ ఇంటి ఖర్చులు వస్తాయి. సెక్యూరిటీ డిపాజిట్ తిరిగివ్వాల్సిన డబ్బు, ఉంచేసుకునేదాకా ఆదాయం కాదు.

రిపేరుకీ ఇంప్రూవ్‌మెంటుకీ మధ్య చాలామంది తడబడతారు. గాలివానకు లేచిపోయిన నాలుగు షింగిల్స్ (పైకప్పు పలకలు) వేయిస్తే రిపేరు, ఆ ఏడాదే మొత్తం తగ్గుతుంది. పైకప్పంతా కొత్తగా వేయిస్తే ఇంప్రూవ్‌మెంటు, దాన్ని ఏళ్ల తరబడి పంచాలి. ఫ్రిజ్, వాషర్ లాంటివి ఒక్కోటి 2,500 డాలర్లు దాటకపోతే డి మినిమిస్ సేఫ్ హార్బర్ అనే చిన్న కొనుగోళ్ల వెసులుబాటు కింద ఒకేసారి రాసుకోవచ్చు. దానికి ఆ ఏడాది రిటర్నుతో ఎలక్షన్ స్టేట్‌మెంట్, అంటే ఈ వెసులుబాటు ఎంచుకుంటున్నామనే కాగితం, జతచేయాలి, ఏటా మళ్లీ జతచేయాలి. అద్దెకు పెట్టకముందు చేయించిన పనులు ఈ లెక్కలోకి రావు. కాబట్టి రంగులూ చిన్న మరమ్మతులూ ఇల్లు మార్కెట్లో పెట్టిన తర్వాత చేయిస్తే లాభం.

ఇక అసలు సంగతి. తరుగుదల అంటే కట్టడం ఏటా అరిగిపోతుందని తగ్గించుకునే విలువ. జేబులోంచి పోని ఖర్చు గనక అది ఎవరికీ గుర్తుండదు, ఉన్నవాటిలో చాలాసార్లు పెద్దది అదే. నివాస భవనాన్ని 27.5 ఏళ్లపాటు ఏటా సమానంగా తగ్గించుకోవాలి. నేల అరగదు, దానికి తరుగుదల లేదు. ఉదాహరణకు ఇల్లు 4,00,000 డాలర్లకు కొన్నారనుకోండి. కౌంటీ అసెస్‌మెంట్ నోటీసులో నేలకూ కట్టడానికీ విలువ విడివిడిగా ఉంటుంది, ఆ నిష్పత్తి మీ ఖరీదుకు వర్తింపజేయాలి. నేల నాలుగోవంతైతే కట్టడం 3,00,000, ఏడాదికి తరుగుదల 10,909 డాలర్లు. అక్టోబరులో అద్దెకు పెడితే ఆ నెల సగమే లెక్క, అంటే మొదటి ఏడాది రెండున్నర నెలలకు 2,273. ముందు మీరు కాపురమున్న ఇల్లయితే కొన్న ధర, అద్దెకు మార్చిన రోజు మార్కెట్ ధర, ఈ రెండింటిలో తక్కువది తీసుకోవాలి.

"ఎలాగూ అమ్మేటప్పుడు తిరిగి కట్టాలట, ఎందుకు రాయడం?" అని తెలివిగా మానేసేవాళ్లున్నారు. రాసినా రాయకపోయినా, రాయాల్సిన తరుగుదలంతా తీసుకున్నట్టే ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) లెక్కగడుతుంది. అమ్మిన రోజు లాభంలో ఆ భాగంపై 25 శాతం దాకా పన్ను పడుతుంది. అంటే ఏటా వచ్చే మినహాయింపూ పోయె, చివర్లో పన్నూ కట్టాల్సి వచ్చె. ఒక్క ఏడాదే మరిచిపోతే సవరణ రిటర్ను ఫారం 1040-ఎక్స్‌తో సరిచేసుకోవచ్చు. రెండేళ్లు, అంతకు మించి అయితే ఫారం 3115 వేసి, పోయినదంతా ఒకే ఏట రాబట్టుకోవచ్చు. దీనికి సీపీఏకి నాలుగు డాలర్లు ఎక్కువిచ్చినా తప్పులేదు.

ఇవన్నీ తీసేస్తే షెడ్యూల్ ఈలో నష్టం తేలొచ్చు. ఆ నష్టాన్ని జీతంలోంచి కొట్టేయొచ్చని సంబరపడకండి. దంపతుల సవరించిన ఆదాయం 1,00,000 డాలర్ల లోపైతే 25,000 వరకు కుదురుతుంది. ఆపైన ప్రతి రెండు డాలర్లకూ ఒక డాలరు తగ్గుతూ 1,50,000 దగ్గర సున్నా అవుతుంది. 1,30,000 ఉంటే 10,000 మిగులుతుంది. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులైన ఇంట్లో సాధారణంగా సున్నాయే. అయినా ఆ నష్టం ఎక్కడికీ పోదు. ఫారం 8582లో పేరుకుంటూ వచ్చి, ఇల్లు పూర్తిగా అమ్మిన ఏట ఒక్కసారిగా పనికొస్తుంది. సీపీఏని మార్చినప్పుడు ఆ ఫారం కొత్తాయనకి ఇవ్వడం మరిచిపోయి ఏళ్ల నష్టాలు గల్లంతు చేసుకున్నవాళ్లకు కొదవలేదు. పాత రిటర్నుల పీడీఎఫ్‌లు ఎవరి దగ్గరో కాదు, మీ దగ్గర ఉండాలి.

హైదరాబాద్‌లో ఫ్లాటు అద్దెకుంటే అదీ ఇక్కడ చూపించాల్సిందే, ఇక్కడ పన్నుకు రెసిడెంట్ అయ్యాక ప్రపంచమంతటి ఆదాయమూ లెక్కే. మన దేశంలో ఇచ్చే 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ ఇక్కడ చెల్లదు. దానికి బదులు నిజమైన ఖర్చులు: హోమ్ లోన్ వడ్డీ, మునిసిపల్ పన్ను, అసోసియేషన్ మెయింటెనెన్స్, ఏజెంటు కమిషన్. విదేశీ ఇంటి తరుగుదల కాలం వేరు. 2018 నుంచి అద్దెకిచ్చినదైతే 30 ఏళ్లు, అంతకుముందుదైతే 40. సేల్ డీడ్ తీసి యూడీఎస్, అంటే నేలలో మీ ఫ్లాటుకు వచ్చే వాటా, ఎన్ని గజాలో చూడండి. ఫ్లాటు 80 లక్షలు, యూడీఎస్ 50 గజాలు, గజం 40,000 అనుకుంటే నేల 20 లక్షలు. మిగిలిన 60 లక్షలను 30తో భాగిస్తే ఏడాదికి 2 లక్షలు. దీన్ని డాలర్లలోకి మార్చేది కొన్ననాటి రేటుతో, నేటి రేటుతో కాదు. అద్దెకైతే ఆ ఏడాది సగటు రేటు వాడతారు.

అక్కడి రిటర్ను ఏప్రిల్ నుంచి మార్చి దాకా, ఇక్కడిది జనవరి నుంచి డిసెంబరు దాకా. అందుకే అంకెలు ఎత్తి రాయడం కుదరదు, బ్యాంకు స్టేట్‌మెంట్ నెలవారీగా పట్టుకుని కూర్చోవాలి. ఎన్నారై యజమానికి అద్దె కట్టేటప్పుడు అద్దెదారు కోసే టీడీఎస్ సెస్‌తో కలిపి 31.2 శాతం. దాన్ని ఖర్చుల వరసలో రాస్తుంటారు. అది ఖర్చు కాదు, పన్ను. అమెరికా పన్నులోంచి తగ్గించే క్రెడిట్‌గా ఫారం 1116లో అడగాలి. అదీ కోసినదంతా కాదు, అక్కడ రిటర్ను వేసి రిఫండు వెనక్కి వచ్చాక మిగిలిన అసలు పన్ను వరకే.

సంక్రాంతికి ఊరెళ్లి మధ్యలో ఒకపూట ఫ్లాటు చూసొచ్చిన విమాన టికెట్లు మాత్రం షెడ్యూల్ ఈలో పెట్టకండి. ఆ పూట ఫ్లాటుకు వెళ్లిన క్యాబ్ రసీదు పెట్టుకోండి, అది చెల్లుతుంది.