పబ్బు వెనుక స్థలంలో వెలసిన విల్టన్స్ మ్యూజిక్ హాల్

విక్టోరియా కాలపు మ్యూజిక్ హాళ్లు, అంటే మద్యం తాగుతూ పాటలు, హాస్యం ఆస్వాదించే వినోదశాలలు, పబ్బులను ఆనుకొని ఎందుకు పుట్టాయి, వాటిలో నేటికీ నిలిచినది ఏదైనా ఉందా అని మీరు అడిగారు. ఉద్యోగరీత్యా తూర్పు లండన్‌లో ఉన్న రోజుల్లో నేను తరచుగా వెళ్లిన విల్టన్స్ మ్యూజిక్ హాల్‌ను చూస్తే ఈ రెండింటికీ సమాధానం దొరుకుతుంది.

కేబుల్ స్ట్రీట్ సమీపంలో, గ్రేసెస్ ఆలీ అనే సందులో ఉన్న ఈ కట్టడం వీధిలోంచి చూస్తే నాటకశాలలా కనిపించదు. పాత ఇళ్ల వరుసలోని తలుపు తీసుకొని వెళితే ముందు బార్ వస్తుంది, హాలు వాటి వెనుక ఉంటుంది. 1843 నాటి థియేటర్ల చట్టం వచ్చాక, నాటకాలు ఆడే శాలలో ప్రేక్షకుల మధ్య మద్యం అమ్మే వీలు లేకపోయింది. మద్యం అమ్మే చోట పాటలకూ హాస్యానికీ అనుమతి ఉన్నా నాటకానికి లేదు. మద్యమే ప్రధాన ఆదాయమైన పబ్బు యజమానులు సహజంగానే పాటల వైపు మొగ్గారు.

విల్టన్స్ కూడా అలాంటి పబ్బుగానే మొదలైంది. ప్రిన్స్ ఆఫ్ డెన్మార్క్ అనే ఆ పబ్బుకు మహాగనీ బార్ అన్నది వాడుక పేరు. 1839లో దాని వెనుక ఒక కచేరీ గది కట్టారు. 1850 ప్రాంతంలో పబ్బును తీసుకున్న జాన్ విల్టన్ ఆ గదిని మొదట విస్తరించి, తరువాత దాని స్థానంలో, మెలితిరిగిన ఇనుప స్తంభాలు మోసే బాల్కనీతో, వందలాది గ్యాస్ జ్వాలల దీపగుచ్ఛంతో, 1859లో కొత్త హాలు తెరిచాడు. 'షాంపేన్ చార్లీ'గా పేరొందిన జార్జ్ లేబోర్న్ ఇక్కడ పాడాడు. రేవులు దగ్గరే కాబట్టి నావికులకు, కూలీలకు కొదవ ఉండేది కాదు.

1877లో అగ్నిప్రమాదం తరువాత తిరిగి కట్టినా, కొన్నేళ్లకే ప్రదర్శనలు ఆగిపోయాయి. 1888లో దీనిని కొన్నది, వింతగా, మద్యాన్ని వ్యతిరేకించే మెథడిస్టులు అనే క్రైస్తవ శాఖవారు! మరుసటి ఏడు రేవు కార్మికుల సమ్మెలో వారు ఇక్కడే ఆకలిగొన్నవారికి భోజనం పెట్టారు. 1956 వరకు వారి చేతిలో ఉండడం వల్లనే, సాటి హాళ్లు కాలిపోతూ కూలిపోతూ ఉన్నా, ఇది మిగిలిందని నా అభిప్రాయం. ఆ తరువాత కొంతకాలం పాతగుడ్డల గోదాముగా ఉంది. 1960ల కూల్చివేతల నుంచి తప్పించడానికి కవి జాన్ బెట్జమన్ తదితరులు పోరాడగా, 1971లో రక్షిత కట్టడమైంది. 1997లో మళ్లీ ప్రదర్శనలకు తెరుచుకుంది.

2015లో ముగిసిన మరమ్మతుల్లో గోడల పెచ్చులను, వెలిసిన రంగులను కావాలనే అలాగే ఉంచారు. నాతో వచ్చిన మిత్రుడు దానిని నిధుల కొరత అనుకున్నాడు గాని, కొత్త రంగు పూసి ఉంటే ఏ కాలంలో ఏం మారిందో తెలిసేది కాదు. మీరు వెళ్లాలనుకుంటే టవర్ హిల్ స్టేషన్ నుంచి నడక దూరమే. ప్రదర్శనకు టిక్కెట్ లేకపోయినా బార్‌లో కూర్చోవచ్చు, అయితే తెరిచి ఉండే వేళలు ముందుగా చూసుకోండి.