గేమ్ కన్సోల్ సెక్యూరిటీ కీలు బయటపెడితే నేరమవుతుందా?

ప్రశ్న: నేను తిరుపతిలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ప్లేస్టేషన్ 3 భద్రతా వ్యవస్థ మీద ప్రాజెక్టు చేస్తున్నాను. ఏళ్లుగా ఇంటర్నెట్‌లో తిరుగుతున్న దాని సెక్యూరిటీ కీలను (కన్సోల్‌లో ఏ సాఫ్ట్‌వేర్ నడవాలో నియంత్రించే రహస్య సంఖ్యలను) నా రిపోర్టులో ముద్రించి అందరికీ అందుబాటులో ఉంచవచ్చా? తెలిసిన మొబైల్ దుకాణదారు ఒకరు, ఆ కీలతో కన్సోళ్లలో గేములు ఎక్కించి అమ్ముదామని, వాటా ఇస్తానని అంటున్నారు. చట్టం ఏమంటుంది?
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: మీరు అడిగినవి రెండు వేర్వేరు పనులు. చట్టం కూడా వాటిని వేర్వేరుగానే చూస్తుంది.

మీ కన్సోల్ విషయంలోనే అమెరికాలో వ్యాజ్యం నడిచింది. సాఫ్ట్‌వేర్ అసలైనదేనని చూపే డిజిటల్ సంతకం చేసిన ప్రతిసారీ మారవలసిన యాదృచ్ఛిక సంఖ్యను తయారీ కంపెనీ సోనీ మార్చకుండా వాడిందని, అందువల్ల రహస్య కీని లెక్కగట్టి రాబట్టవచ్చని 2010 డిసెంబరులో బెర్లిన్ సదస్సులో ఒక బృందం చూపించింది. మరుసటి నెలలో జార్జ్ హాట్జ్ అనే యువకుడు మూల కీని (కన్సోల్ భద్రతకు ఆధారమైన అసలు కీని) ప్రచురించగా, సోనీ కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టుకు వెళ్లి తాత్కాలిక నిషేధ ఉత్తర్వు పొందింది. 2011 ఏప్రిల్‌లో, తప్పు ఒప్పుకోకుండానే ఆయన శాశ్వత ఇంజంక్షన్‌కు (అలాంటి పని మళ్లీ చేయరాదన్న కోర్టు ఉత్తర్వుకు) అంగీకరించడంతో రాజీ కుదిరింది కనుక, కీ ప్రచురణ చట్టవిరుద్ధమా కాదా అన్నది అక్కడ తీర్పుగా తేలలేదు. పైగా అక్కడి చట్టం, రక్షణను ఛేదించే సాధనాలను ఇతరులకు అందించడాన్నే ప్రత్యేకంగా నిషేధిస్తుంది.

మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో చేరిన సెక్షన్ 65ఎ మాటల్లో అలాంటి నిషేధం లేదు. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదించిన వారికే అది రెండేళ్ల వరకు జైలు, జరిమానా విధిస్తుంది. ఉద్దేశం అన్న ఆ ఒక్క మాట మీదే మీ కేసంతా నిలుస్తుంది. చట్టబద్ధంగా పొందిన ప్రతితో చేసే ఎన్‌క్రిప్షన్ (సమాచారాన్ని రహస్య సంకేతాలుగా మార్చే పద్ధతి) పరిశోధనకు అదే సెక్షన్ మినహాయింపు ఇస్తోంది. ఒక ప్రోగ్రాం ఎలా పనిచేస్తుందో గమనించి, పరీక్షించి తెలుసుకోవడానికి సెక్షన్ 52 అవకాశం కల్పిస్తోంది. కీ అన్నది కేవలం ఒక సంఖ్య; రచనకు కనీస సృజన ఉండాలని 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాన్ని బట్టి, ఆ సంఖ్యకు కాపీరైట్ ఉందని వాదించడం కష్టమేనని నా అభిప్రాయం.

అయినా కీలను పూర్తిగా ముద్రించవద్దనే చెబుతాను. చట్టం నిషేధించని పనికోసమైనా సరే, రక్షణను ఛేదించడంలో మరొకరికి తోడ్పడే వ్యక్తి, ఆ రెండో వ్యక్తి పేరు, చిరునామా, ప్రయోజనం రాసి ఉంచుకోవాలని 65ఎ షరతు పెడుతోంది. లోకమంతటికీ కీ ఇచ్చేసినవారు ఎవరి చిరునామా రాసుకోగలరు? లోపం ఎక్కడుందో, లెక్క ఎలా సాగుతుందో వివరించి అంకెలను వదిలేస్తే మీ ప్రాజెక్టు విలువ ఏమాత్రం తగ్గదు. ఇంటర్నెట్‌లో ఇప్పటికే ఉంది కదా అన్నది ఉద్దేశాన్ని తేల్చేటప్పుడు కొంత ఉపయోగపడే వాదనే గాని, పూర్తి రక్షణ కాదు.

ఇక దుకాణం సంగతి. అందులో సందేహానికి తావే లేదు, దయచేసి ఆ దారికి పోవద్దు. అనుమతి లేని గేములు ఎక్కించి అమ్మడం సెక్షన్ 63 కింద ఉల్లంఘన; తెలిసి దానికి తోడ్పడిన వారికీ అదే శిక్ష, అంటే ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా. వ్యాపార లాభం కోసం చేయని సందర్భాల్లో కనీస శిక్షను తగ్గించే వెసులుబాటు కోర్టుకు ఉంది గాని, వాటా తీసుకున్నాక ఆ మాట చెప్పుకోలేరు. ఇది వారంటు లేకుండా అరెస్టు చేయదగిన, బెయిలు హక్కుగా దొరకని నేరమని 2022లో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంతేకాదు, పరిశోధన కోసమే కీలు ప్రచురించానన్న మీ మాటను ఆ వాటా డబ్బే కోర్టులో అబద్ధం చేస్తుంది.

ఆయనకు మీ నిరాకరణను నోటిమాటగా కాక, మెసేజ్ రూపంలో ఈరోజే తెలియజేయండి. కన్సోల్ చట్టబద్ధంగా మీ చేతికి వచ్చిందని చూపవలసి రావచ్చు కనుక, కొన్న రసీదు లేకపోతే అమ్మిన వ్యక్తి చేత తేదీతో ఒక కాగితం రాయించుకుని, ప్రాజెక్టు గైడ్ ఆమోద పత్రంతో పాటు భద్రపరచండి.