సెలవుల్లో డెంగీ.. ఇంటికొస్తే కిచెన్ పనులు! ఈ నీరసం ఎప్పటికి తగ్గుతుంది?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. పుట్టిల్లు గుంటూరు. పెళ్లయ్యాక ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో స్థిరపడ్డాం. ఈస్టర్ సెలవులకు ఎనిమిదేళ్ల పాప, మూడేళ్ల బాబుతో కలిసి ఇండోనేషియాలోని బాలీ దీవికి వెళ్లాం. ఆరో రోజు నుంచి నాకు విపరీతమైన జ్వరం, కళ్ల వెనక నొప్పి, ఒళ్లంతా నొప్పులు. అక్కడి క్లినిక్‌లో రక్తపరీక్ష చేసి డెంగీ అన్నారు. ప్లేట్‌లెట్లు 78 వేలకు పడిపోయాయి. సెలైన్ ఎక్కించారు. జ్వరం తగ్గిన రోజు రాత్రే విమానం ఎక్కేశాం. వచ్చి పది రోజులైంది. ఇక్కడ జీపీ (మా ఫ్యామిలీ డాక్టర్) చేయించిన పరీక్షలో ప్లేట్‌లెట్లు లక్షా 60 వేలు ఉన్నాయి. అయినా మెట్లెక్కితే ఆయాసం, లేస్తే తల తిరుగుతోంది. అరచేతుల్లో వచ్చిన ఎర్రటి దద్దు, దురద ఇప్పుడిప్పుడే తగ్గుతున్నాయి. మేం ఊళ్లో లేనప్పుడే కిచెన్ పని మొదలుపెట్టించాం. ఇప్పుడు ఇల్లంతా దుమ్ము. మావారికి ఆఫీసులో తీరిక లేదు. టైల్స్, సింక్, కుళాయిల కోసం షాపుల చుట్టూ నేనే తిరుగుతున్నాను. టైల్స్ పెట్టెలు మోసి నడుం పట్టేస్తే ఐబుప్రొఫెన్ వేసుకుంటున్నాను. మాది 1930ల నాటి ఇల్లు. పాత సీలింగ్ గోకేసి కొత్తగా ప్లాస్టర్ చేస్తానని బిల్డర్ అంటున్నాడు. అమ్మేమో రోజూ ఫోన్ చేసి బొప్పాయి ఆకు రసం తాగమంటోంది. పిల్లలకు డెంగీ అంటుతుందా? ఆగస్టులో గుంటూరు రావాలనుకుంటున్నాం. రెండోసారి వస్తే ప్రాణాపాయమని విన్నాను. నిజమేనా?

- ఓ సోదరి, రెడింగ్

జవాబు: పిల్లల సంగతి ముందు చెప్తానమ్మా. డెంగీ మనిషి నుంచి మనిషికి అంటదు. బాబును పక్కలో పడుకోబెట్టుకోండి, మీ కంచంలోంచి ముద్ద తినిపించండి, ఏ భయమూ లేదు. ఈ వైరస్‌ను మోసేది ఈడిస్ దోమ. ఇంగ్లండ్‌లో ఆ దోమ స్థిరపడలేదు. పైగా రోగి రక్తంలో వైరస్ ఉండేది జ్వరం మొదలైన తొలి వారం రోజులే. అయితే పిల్లలు కూడా మీతోపాటు బాలీలోనే ఉన్నారు కదా. అక్కడి దోమ వాళ్లనూ కుట్టి ఉండొచ్చు. కుట్టాక సాధారణంగా 4 నుంచి 10 రోజుల్లో, అరుదుగా రెండు వారాలకు జ్వరం బయటపడుతుంది. కాబట్టి ఇంకో నాలుగైదు రోజులు వాళ్ల ఒంటిమీద ఓ చెయ్యి వేసి చూస్తూ ఉండండి. జ్వరం వస్తే 111కి (అక్కడి ఆరోగ్య సలహా నంబర్) ఫోన్ చేసి, మొదటి మాటగా ‘బాలీ నుంచి వచ్చాం’ అని చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పకపోతే ఇంగ్లండ్ డాక్టర్లకు డెంగీ ఆలోచన రాకపోవచ్చు.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది జ్వరం తగ్గిన రాత్రే విమానం ఎక్కడం. ఇది మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు, టికెట్లు, పిల్లల బడి, ఇంటి పని ఎన్నో ఉంటాయి. కానీ చదివేవాళ్లందరికీ ఇది తెలియాలి. మిగతా జ్వరాలు తగ్గితే గండం గడిచినట్లు. డెంగీలో జ్వరం తగ్గిన తర్వాతి 24 నుంచి 48 గంటలే అసలు గండం. ఆ సమయంలో సన్నటి రక్తనాళాల గోడలు కొత్త కుండ చెమర్చినట్లు చెమరుస్తాయి. రక్తంలోని ద్రవం బయటికి జారిపోయి బీపీ పడిపోతుంది. మనవాళ్లు ప్లేట్‌లెట్ల అంకె చుట్టూనే తిరుగుతారు గానీ, డెంగీలో ఎక్కువగా ప్రాణం మీదకు తెచ్చేది ఈ ద్రవం జారడమే. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మూత్రం తగ్గిపోవడం, మత్తుగా పడి ఉండటం లేదా అస్థిమితంగా కదలడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రిలో ఉండాలి. అలాంటి గంటల్లో మీరు సముద్రాల మీద ఉన్నారు. అదృష్టవశాత్తూ ఆ దశ దాటేశారు.

ఇక ఇప్పటి ఆయాసం. ఎక్కువమందిలో ఇది డెంగీ తర్వాత వచ్చే నీరసమే. రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది, కొందరిలో రెండు మూడు నెలలు సాగుతుంది. కానీ మీరు ‘ఆయాసం’ అన్నారు కాబట్టి, నీరసమేలే అని ఇక్కడి నుంచి ఉత్తరం చదివి కొట్టిపారేయలేను. బాలీ నుంచి లండన్ దాకా 16 గంటలకు పైగా కూర్చున్నారు, అదీ ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు. ఇలాంటప్పుడు కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం కొంత ఉంటుంది. ఒక పిక్క వాచి నొప్పిగా ఉన్నా, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పోటు వచ్చినా, ఆయాసం ఉన్నట్టుండి పెరిగినా అత్యవసర నంబర్ 999కి ఫోన్ చేయండి. అవేవీ లేకపోయినా ఈ రెండు రోజుల్లో జీపీని మళ్లీ కలవండి. ఆక్సిజన్ శాతం, నాడి, పడుకున్నప్పుడూ నిలబడ్డప్పుడూ బీపీ చూడమనండి. హిమోగ్లోబిన్, లివర్ పరీక్షలు, ఈసీజీ అడగండి. డెంగీ లివర్‌నూ, కొందరిలో గుండె కండరాన్నీ ఇబ్బంది పెడుతుంది. ప్లేట్‌లెట్లు తగ్గిన రోజుల్లో నెలసరి వచ్చి ఉంటే రక్తస్రావం ఎక్కువై రక్తహీనత వచ్చి ఉండొచ్చు. ఆడవాళ్లు ఇది డాక్టర్‌కు చెప్పడానికి మొహమాటపడతారు. మీరు పడకండి.

ఇప్పుడు కొత్తగా మళ్లీ జ్వరం వస్తే మాత్రం పాత డెంగీయే అనుకోవద్దు. ఇండోనేషియా నుంచి వచ్చినవారికి మలేరియా, టైఫాయిడ్ పరీక్షలు అదే రోజు జరగాలి. బాలీలో మలేరియా ముప్పు చాలా తక్కువే గానీ, పక్క దీవులకు వెళ్లి ఉంటే ఆ మాట తప్పక చెప్పండి.

అరచేతుల దద్దు కోలుకుంటున్న దశలో వచ్చేదే, మందు లేకుండానే పోతుంది. రెండు మూడు నెలల తర్వాత జుట్టు కుచ్చులుగా రాలితే హడలిపోవద్దు, మళ్లీ వస్తుంది.

ఐబుప్రొఫెన్ ఆపేయండి. కడుపులో రక్తస్రావానికి దారితీసే మందు అది. డెంగీ నుంచి తేరుకుంటున్న ఒంటికి వద్దు. నొప్పికి పారాసిటమాల్ 500 మి.గ్రా. మాత్రలు చాలు. పెద్దవాళ్లకు రోజుకు 8 మాత్రలే హద్దు, లివర్ పరీక్ష వచ్చేదాకా మీరు అంతకంటే తక్కువలో ఉండండి. జలుబు మందుల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది, దాన్నీ లెక్కలో వేసుకోవాలి. కానీ అసలు ఆ నడుం నొప్పి ఎందుకొచ్చింది? నిలబడితేనే తల తిరిగే మనిషి టైల్స్ పెట్టె ఎత్తకూడదు, కారు నడుపుకొంటూ షాపులకు వెళ్లకూడదు. డబ్బులు ఎక్కువైనా సరే సామాను ఇంటికి తెప్పించుకోండి. సింక్ రెండు వారాలు ఆలస్యమైతే ఏమీ కాదు. మీవారికి ఈ జవాబు చదివి వినిపించండి: మీ భార్య ఇంకా రోగి, రిపోర్టులో ప్లేట్‌లెట్లు పెరిగినంత మాత్రాన ఒంట్లోకి బలం వచ్చినట్లు కాదు. అమ్మా, మీకూ ఉద్యోగం ఉంటే, ఇంగ్లండ్‌లో మొదటి 7 రోజుల సెలవుకు మీ మాట చాలు, ఆ తర్వాత జీపీ నుంచి ఫిట్ నోట్ (అనారోగ్య సెలవుకు ఇచ్చే పత్రం) తీసుకోవచ్చు. అడగండి.

సీలింగ్ విషయం ఈ రోజే తేల్చాలి. పరీక్ష చేయించకుండా దాన్ని ఎవరినీ గోకనివ్వొద్దు. మన ఊళ్లలో సిమెంటు రేకుల్లో వాడే ఆస్‌బెస్టాస్‌నే బ్రిటన్‌లో ఒకప్పుడు ఆర్టెక్స్ అనే గరుకు సీలింగ్ పూతల్లో, నేల పలకల్లో, పైపుల చుట్టూ వాడారు. అక్కడ దాన్ని పూర్తిగా నిషేధించింది 1999లో. అంతకుముందు కట్టిన, మరమ్మతు చేసిన ఏ ఇంట్లోనైనా ఉండొచ్చు. కదపకుండా ఉంటే దాదాపు హాని లేదు. గోకితే, రంపం పెడితే కంటికి కనిపించని పోగులు గాల్లోకి లేస్తాయి, పీల్చిన ఎన్నో ఏళ్ల తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్లకు కారణమవుతాయి. చిన్న ముక్క గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పరీక్షించడానికి పెద్ద ఖర్చు కాదు. ఇప్పటికే కొంత గోకేసి ఉంటే పని ఆపించి, ఆ గది తలుపు మూసేయండి. మామూలు వాక్యూమ్ క్లీనర్ మాత్రం పెట్టొద్దు, పోగులు ఇల్లంతా పరుచుకుంటాయి.

1930ల ఇల్లంటే కిటికీలు, తలుపుల పాత రంగులో సీసం కూడా ఉండొచ్చు. దాన్ని పొడిగా శాండ్‌పేపర్‌తో రుద్దితే ఆ దుమ్ము మూడేళ్ల బాబు చేతుల్లోంచి నోట్లోకి పోతుంది. పెద్దలకంటే పసిపిల్లల మెదడుకే సీసం ఎక్కువ చేటు. తడి బట్టతో తుడవడం, బాబు చేతులు తరచూ కడగడం, పని జరిగే గదివైపు వాణ్ని రానివ్వకపోవడం తప్పదు. టైల్స్, క్వార్ట్జ్ బండ (కిచెన్ గట్టు మీద పరిచే కృత్రిమ రాయి) కోత ఇంట్లో వద్దు, బయట నీళ్లు పోస్తూ కోయమనండి. కోసేటప్పుడు లేచే సిలికా (సన్నటి రాతి పొడి) దుమ్ము మీకంటే ఆ కోసే కుర్రాడి ఊపిరితిత్తులను తినేస్తుంది. క్వార్ట్జ్ బండల పనిలో జబ్బుపడినవాళ్లను చూసే ఆస్ట్రేలియా 2024 జులై నుంచి వాటిని నిషేధించింది.

కిచెన్ లేదు కాబట్టి ఏం తింటున్నారో ఊహించగలను. రైస్ కుక్కర్ పడకగదిలో పెట్టుకునైనా అన్నం, పప్పు వండుకోండి. పెరుగు, ఉడికించిన గుడ్డు, పండ్లు చేర్చండి. దుమ్ము పడని చోటే వండండి. నీళ్లు, మజ్జిగ, ఓఆర్‌ఎస్ తాగుతూ ఉండండి. వీలైతే నాలుగు రోజులు ఏ స్నేహితుల ఇంట్లోనైనా ఉండండి. ఇలాంటప్పుడు సాయం అడగడంలో నామోషీ లేదు.

అమ్మగారి బొప్పాయి ఆకు రసం సంగతి. దానివల్ల ప్లేట్‌లెట్లు కాస్త త్వరగా పెరుగుతాయని కొన్ని చిన్న పరిశోధనలు చెప్పాయి. ప్రాణాపాయం తగ్గుతుందని రుజువు కాలేదు. మీకు ప్లేట్‌లెట్లు ఇప్పటికే లక్షన్నర దాటాయి, ఇక దానితో పనిలేదు. చేదుకు వాంతయితే తిన్న ముద్ద కూడా పోతుంది. ‘డాక్టర్ అన్నం తినమన్నారు’ అని అమ్మకు చెప్పండి.

రెండోసారి డెంగీ గురించి మీరు విన్నదాంట్లో నిజం ఉంది. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలు. ఒకసారి వచ్చిన రకం మళ్లీ రాదు, వేరే రకం వస్తే తీవ్రంగా మారే అవకాశం పెరుగుతుంది. అలాగని అందరికీ ప్రాణాపాయమేమీ కాదు, ఎక్కువమంది కోలుకుంటారు. చిన్నప్పుడు గుంటూరులో వచ్చిన ఏదో ‘విషజ్వరం’ కూడా డెంగీ అయ్యుండొచ్చు, అమ్మను అడిగి జీపీకి చెప్పండి. ఆగస్టు మన దగ్గర వానలు, దోమల కాలం. ప్రయాణం మానుకోనక్కర్లేదు. ఈడిస్ పగటిపూట, ముఖ్యంగా పొద్దున, సాయంత్రం కుడుతుంది. రాత్రి దోమతెర ఒక్కటే చాలదు. డీట్ (దోమల్ని దూరంగా ఉంచే మందు) ఉన్న క్రీమ్, పొడుగు చేతుల బట్టలు వాడండి. కూలర్‌లో, పూలకుండీల కింద, డాబా మీది డ్రమ్ముల్లో నీళ్లు నిలవకుండా మీరు వచ్చేలోపే పుట్టింటివాళ్లతో ఖాళీ చేయించండి. ఒకసారి డెంగీ వచ్చినవారికి ఇచ్చే టీకా బ్రిటన్‌లో ఉంది. మూడు నెలల తేడాతో రెండు డోసులు కాబట్టి ఆగస్టులోపు రెండోది అందకపోవచ్చు. అందులోనూ డెంగీ తగ్గిన వెంటనే వేయరు. జూన్‌లోనే ట్రావెల్ క్లినిక్‌కి వెళ్లి, బాలీ రిపోర్టు చూపించి అడగండి.