ఏకాప్‌ల మీద పని మొదలుపెడుతున్న సుమకు

సుమా,

కండర కణాల్లో ఏకాప్‌ల మీద, అంటే ప్రోటీన్లకి ఫాస్ఫేట్ తగిలించే పీకేఏ అనే ఎంజైమ్‌ని కణంలో ఒక చోట కట్టి ఉంచే ప్రోటీన్ల మీద, పని చేయబోతున్నానని రాశావు, సంతోషం. వాటిని గుర్తుపట్టడానికి ఏ యాంటీబాడీ మంచిదని అడిగావు. దానికంటే ముందు ఒక సంగతి తేల్చుకో అమ్మా. పీకేఏ ఒక ఏకాప్‌కి అతుక్కుంటుందని చూపిస్తావా, ఆ అతుకు తెగితే కణం పని మారుతుందని చూపిస్తావా? మొదటిది తేలిక. పీకేఏలోని రెగ్యులేటరీ ఉపభాగాల జంట ఏకాప్‌లో ఉండే హెలిక్స్ అనే చిన్న మెలికను పట్టేసుకుంటుంది, టెస్ట్ ట్యూబులో అయినా సరే. కణంలో అది ఏ పొర దగ్గర, దేని పక్కన ఉందన్నదే కష్టం.

ఏకాప్18తో మొదలుపెట్టమంటాను. దాని ఆల్ఫా రూపం 81 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్, 1998లో వెలుగులోకి వచ్చింది. దాని మొదటి కొసన గ్లైసీన్‌కి మిరిస్టాయిల్, ఆ వెనకే ఉన్న రెండు సిస్టీన్లకి పామిటాయిల్ కొవ్వు గొలుసులు తగులుకుంటాయి. అవే దాన్ని కణపు పై పొరలో గుచ్చి ఉంచే కొక్కేలు. పీకేఏని, కణంలోకి కాల్షియాన్ని వదిలే ఎల్-టైప్ కాల్షియం చానెల్ పక్కకి చేర్చేది ఈ రూపమే. అదే జీన్ నుంచి వచ్చే డెల్టా రూపానికి ఆ కొవ్వు తోక లేదు. అది కణం లోపల కాల్షియం దాచే సార్కోప్లాస్మిక్ రెటిక్యులం దగ్గర ఫాస్ఫోలాంబన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని ఉంటుంది. చివరి భాగం రెండింటికీ ఒకటే. ఆ భాగానికి తయారుచేసిన యాంటీబాడీతో మైక్రోస్కోప్ కింద చూస్తే ఏ రూపాన్ని చూస్తున్నావో నీకే తెలియదు. నువ్వడిగిన ప్రశ్నకి నా జవాబు ఇదే.

అన్ని ఏకాప్‌లూ కొవ్వు గొలుసుల మీదే ఆధారపడతాయనుకోకు. ఎమ్‌ఏకాప్ అనే మరో ఏకాప్ అయితే నెస్ప్రిన్-1ఆల్ఫా అనే ప్రోటీన్‌ని పట్టుకుని కేంద్రకం పొర దగ్గర కూర్చుంటుంది.

ఇక కణాల ఎంపిక. ల్యాబుల్లో పెంచే మానవ కిడ్నీ కణాలైన హెక్ కణాల్లో ఏ ప్రోటీనైనా బాగా తయారవుతుంది, నిజమే. కానీ అక్కడ టీ-ట్యూబ్యూళ్లు, అంటే పై పొర నుంచి లోపలికి చొచ్చుకుపోయే గొట్టాలు, లేవు, కండరానికి ఉండే అమరికా లేదు. పొరకి చేరే గుణం ఉందా లేదా అని చూడటానికి అవి చాలు, అంతకు మించి చెప్పించకు. ఎదిగిన ఎలుక గుండె నుంచి తీసిన కణాలే వాడు, అవీ తాజాగా. కల్చర్‌లో రోజులు గడిచేకొద్దీ టీ-ట్యూబ్యూళ్లు కరిగిపోతాయి.

మైక్రోస్కోప్ కింద రెండు ప్రోటీన్లకి వేసిన ఎరుపూ పచ్చా కలిసి పసుపు కనిపిస్తే అందరికీ ఆనందమే. కానీ టీ-ట్యూబ్యూల్‌కీ రెటిక్యులానికీ మధ్య సందు సుమారు 12 నానోమీటర్లు, మామూలు కన్‌ఫోకల్ మైక్రోస్కోప్ విడదీయగలిగేది 200 దరిదాపుల్లో. కాబట్టి ఆ పసుపు ఏ పొరదో చెప్పలేదు. పొరల్ని విడివిడిగా వేరుచేసి, పై పొరకి సోడియం పొటాషియం పంపు, రెటిక్యులానికి సెర్కా అనే కాల్షియం పంపు, ద్రవభాగానికి జీఏపీడీహెచ్ ఎంజైమ్ గుర్తులుగా పెట్టి బ్లాట్ (ప్రోటీన్లని సైజు వారీగా విడదీసి యాంటీబాడీతో గుర్తించే పద్ధతి) చెయ్యి.

అతుకు తెంచడానికి, ఏకాప్ హెలిక్స్‌ని పోలిన హెచ్‌టీ31 పెప్టైడ్ (చిన్న ప్రోటీన్ ముక్క) వాడతారు. పక్కనే ప్రోలీన్ పెట్టి హెలిక్స్ విరగ్గొట్టిన రూపాన్ని కంట్రోల్‌గా తప్పక పెట్టు. ఒకటి గుర్తుంచుకో, హెచ్‌టీ31 ఒక్క ఏకాప్ నుంచే కాదు, చాలా ఏకాప్‌ల నుంచి పీకేఏని ఊడదీస్తుంది. నీ ఏకాప్ పనే అని తేల్చాలంటే ఆ గ్లైసీన్, సిస్టీన్లు మార్చిన రూపం కావాలి. పీకేఏని ఆపే మందు హెచ్89 ఇస్తే ఫలితం ఆగిందనుకో, పీకేఏ కావాలని అనుమానించొచ్చు, అతుకు కావాలని కాదు. అయినా హెచ్89 వేరే కైనేజ్‌లనీ ఆపుతుంది, నాకు దాని మీద నమ్మకం తక్కువ.

కణాన్ని ప్రేరేపించడానికి ఇచ్చే, అడ్రినలిన్ లాంటి మందు ఐసోప్రొటెరినాల్ మోతాదు తక్కువ నుంచి మొదలుపెట్టు. ఎక్కువ పోస్తే పీకేఏని మేల్కొలిపే సైక్లిక్ ఏఎంపీ కణమంతా నిండిపోయి, అతుకు ఉన్నా ఊడినా తేడా కనిపించకుండా పోవచ్చు. పీకేఏ ఫాస్ఫేట్ తగిలించే చోట్లు, అంటే ఫాస్ఫోలాంబన్‌లో సెరిన్-16, కండరం ముడుచుకోవడాన్ని నియంత్రించే ట్రోపోనిన్-ఐలో సెరిన్-23, 24, రెండూ చూడు. ఒకటి తగ్గి ఇంకొకటి తగ్గకపోతే అక్కడ నీకు కథ దొరికినట్టే.

ఫలితం రాకపోయినా టెన్షన్ పడకు. ఏకాప్18 జీన్ తీసేసిన ఎలుకల గుండె కణాలు అడ్రినలిన్ తరహా ప్రేరణకి మామూలుగానే స్పందించాయని 2012లో అచ్చయింది. 2020లో, ఎల్-టైప్ చానెల్ ప్రవాహం పెరగడానికి పీకేఏ ఫాస్ఫేట్ తగిలించాల్సింది చానెల్‌కి కాదు, దాన్ని అణిచిపెట్టే రాడ్ అనే ప్రోటీన్‌కి అని తేలింది. ఈ రెండూ చదవకుండా ప్రపోజల్ రాయకు. ఆల్ఫా రూపం పీకేఏని రాడ్ దగ్గరికి చేరుస్తుందా అని అడిగితే ప్రశ్న బాగుంటుందని నా ఉద్దేశం.

మొదటి బ్లాట్లు రాగానే, ప్రోలీన్ కంట్రోల్ ఉన్న లేన్ కత్తిరించకుండా పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు